అమ్ముడుపోని రొయ్య ముందు మనిషికి, ఆ తర్వాతే కోడికి

జీఎస్ పేపర్-3 సిలబస్‌లో ఫుడ్ ప్రాసెసింగ్ గురించి ఒక వరుస ఉంది: పరిశ్రమ పరిధి, ప్రాధాన్యం, ఎక్కడ పెట్టాలి, సరఫరా గొలుసు ఎలా ఉండాలి. మనలో చాలామంది ఈ వరుసకు రెండు పథకాల పేర్లు, మూడు అంకెలు, ఒక ఫ్లోచార్ట్ సిద్ధం చేసుకుని ముందుకెళ్లిపోతాం. ఉదాహరణ అడిగితే టమాటా కెచప్, మామిడి గుజ్జు. అంతే.

ఈసారి అదే వరుసను ఒక చేపల బుట్ట దగ్గరికి తీసుకెళ్దాం. పుదుచ్చేరి పట్నంలో గుబేర్ మార్కెట్ ఉంది. జనం పెద్ద మార్కెట్ అంటారు. పొద్దున్నే అక్కడికి రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు, చేపలు వస్తాయి. మధ్యాహ్నం దాటేసరికి కొనేవాళ్లు పలచబడతారు. అప్పటికీ అమ్మే ఆమె బుట్ట అడుగున కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని ఏం చేయాలి? సగం ధరకు ఇచ్చేయాలా, ఐసు కొని రేపటికి దాచాలా, పారబోయాలా?

"దాణా చేయొచ్చు, కైటోసాన్ తీయొచ్చు, వ్యర్థం నుంచి సంపద" అని మనం వెంటనే రాసేస్తాం. నా అభిప్రాయం వేరు. అమ్ముడుపోని రొయ్య వ్యర్థం కాదు, అది ఇంకా ఆహారమే. దాన్ని ముందు మనిషి కంచంలోకి చేర్చే ఏర్పాటు ఉండాలి. తల, తొక్క, మనిషి తినలేని మిగతా భాగం మాత్రమే దాణాకు వెళ్లాలి. ఈ వరుస తప్పితే పథకం పేరు ఎంత పచ్చగా ఉన్నా నష్టపోయేది ఆ బుట్ట ముందు కూర్చున్న ఆడమనిషే. ఎందుకో ఒక్కో మెట్టుగా చూద్దాం.

ధర ముందు పోతుంది, రొయ్య తర్వాత చెడుతుంది

రొయ్య విషయంలో రెండు గడియారాలు నడుస్తాయి. ఒకటి ధరది, రెండోది ఆరోగ్యానిది. రెండూ ఒకే వేగంతో నడవవు.

రొయ్య చనిపోయిన కొన్ని గంటలకు తల దగ్గర, తొక్క అంచుల్లో నల్ల మచ్చలు మొదలవుతాయి. దీన్ని మెలనోసిస్ అంటారు. కోసిన వంకాయ నల్లబడినట్టే ఇదీ ఒక ఎంజైము గాలితో కలిసి చేసే పని. ఈ మచ్చ ఒక్కటే అయితే తిన్నవాళ్లకు హాని లేదు. కానీ కొనేవాళ్ల కంటికి అది పాత సరుకు. ధర పడిపోతుంది. బ్యాక్టీరియా పెరిగి రొయ్య నిజంగా పాడవడం వేరే సంగతి. ఐసులో పెడితే దానికి రోజులు పడుతుంది, ఎండలో వదిలేస్తే గంటలు చాలు.

ధర పడిన క్షణానికీ, సరుకు చెడే క్షణానికీ మధ్య ఉన్న ఈ వ్యవధే మన అవకాశం అంతా. ఈ వ్యవధిలో రొయ్యను ఉడికిస్తే ఎంజైము పని ఆగిపోతుంది, బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. వలిచి, ఉప్పు పట్టించి ఎండబెడితే నెలల సరుకు అవుతుంది. వ్యవధి దాటిపోతే మనిషికే కాదు, కోడికి కూడా పనికిరాదు. కుళ్లిన మాంసకృత్తు అమ్మోనియాగా, రకరకాల అమీన్లుగా విడిపోయి ఉంటుంది. దాన్ని ఎండబెట్టి పొడి చేసినంత మాత్రాన మళ్లీ మంచి ప్రోటీన్ అయిపోదు. దాణా అంటే చెడిపోయినవి వేసే గంప అనే ఆలోచనను ముందు మనం మానుకోవాలి.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనను 2020 సెప్టెంబరులో ప్రారంభించారు. 20,050 కోట్ల రూపాయల ఈ పథకం లక్ష్యాల్లో ఒకటి, పట్టిన తర్వాత జరిగే నష్టాన్ని 20–25 శాతం నుంచి సుమారు 10 శాతానికి తగ్గించడం. ఈ అంకె మనందరికీ కంఠతా వచ్చు. ఆ నష్టం జరిగే చోటు మాత్రం చాలాసార్లు ఇదే: ధర పడిన గంటకూ, సరుకు చెడిన గంటకూ మధ్య ఎవరూ ఏమీ చేయని చోటు.

పుదుచ్చేరినే ఎందుకు తీసుకున్నాను

నేను యానాం వాడిని. ఇప్పుడు పుదుచ్చేరిలో ఉండి చదువుకుంటున్నాను. కేంద్రపాలిత ప్రాంతం ఒకటే అయినా గోదావరి ఒడ్డున ఉన్న మా ఊరికీ ఈ పట్నానికీ మధ్య ఆంధ్ర, తమిళ తీరాలు చాలా దూరం పరుచుకుని ఉన్నాయి. రెండుచోట్లా చేపలమ్మే ఆడవాళ్ల కష్టం మాత్రం ఒకేలా ఉంటుంది. అయితే నా ఎంపికకు కారణం అభిమానం ఒక్కటే కాదు.

పుదుచ్చేరి చిన్న పట్నం. తేంగాయ్‌తిట్టులో ఫిషింగ్ హార్బర్ ఉంది. వైతికుప్పం, కురుసుకుప్పం, వీరాంపట్టణం వంటి మత్స్యకార పల్లెలు పట్నంలోనో, పట్నాన్ని ఆనుకునో ఉన్నాయి. పడవ నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి వంటింటికి దూరం కిలోమీటర్లలోనే. అంటే రొయ్య చెడకముందే ఏదో ఒకటి చేయడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం. ఇక్కడే సాధ్యం కాకపోతే వందల కిలోమీటర్లు ఐసు లారీలు తిరిగే చోట ఇంకెంత కష్టమో ఊహించండి.

మిగులు కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. నిషేధం ముగిశాక పడవలన్నీ ఒకేసారి కడలికి వెళ్తాయి, సరుకూ ఒకేసారి దిగుతుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన. ఎండబెట్టి దాచుకుందామంటే ఎండే ఉండదు. రాజస్థాన్‌లో పనిచేసే సోలార్ డ్రయ్యర్ బొమ్మను ఇక్కడి జవాబులో గీసే ముందు ఈ క్యాలెండర్ ఒకసారి చూసుకోవాలి.

ఇంకో సంగతి. పట్నం చెత్త ఏళ్ల తరబడి పేరుకున్న చోటు కురుంబపేట్. రాజీవ్ గాంధీ పశువైద్య కళాశాల, కామరాజ్ కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నదీ కురుంబపేట్‌లోనే. పారబోసే చోటూ, పశువుల మేత గురించి తెలిసినవాళ్లు ఉండే చోటూ ఒకే పేరు మీద ఉన్నాయి. ఈ రెండింటి మధ్య దారి వేయడమే పాలన అంటే.

చరిత్ర వైపు నుంచి కూడా ఒక మాట. జీఎస్-1 కోసం మనం అరికమేడు చదువుతాం. వీరాంపట్టణం పక్కనే ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించాడు. రోమన్ జాడీలు దొరికాయని, వాటిలో ద్రాక్షసారా వచ్చేదని రాసి వదిలేస్తాం. ఆ జాడీల్లో కొన్ని ఆలివ్ నూనెవి, కొన్ని గారమ్‌వి. గారమ్ అంటే చేపల పేగులు, చిన్న చేపలు ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం. రోమన్ల వంటకు అది మన చింతపండు లాంటిది. అంటే మనం ఈరోజు వ్యర్థం అంటున్నదాన్ని ఆహారంగా మార్చిన సరుకు రెండు వేల ఏళ్ల కిందటే సముద్రాలు దాటి ఈ ఒడ్డుకే వచ్చింది. ఉపాయం పాతది. ఇప్పుడు కావలసింది దానికి ఒక ఏర్పాటు.

మొదటి మెట్టు: మనిషి కంచం

షెల్‌ఫిష్ అనే ఒక్క మాటలో అన్నింటినీ కలిపేయకూడదు. మూడు రకాలకు మూడు నియమాలు.

రొయ్య: ఐసులో ఉన్నది, వాసన రానిది, నల్లమచ్చ ఉన్నా సరే, ఉడికించి వలిచి ఆహారంగా మార్చవచ్చు.

పీత: చనిపోయిన పీత మాంసం చాలా త్వరగా పాడవుతుంది. కాబట్టి ప్రాణం ఉన్నప్పుడే నిర్ణయం తీసుకోవాలి. ఉడికించి మాంసం తీసి చల్లగా దాచాలి. సాయంత్రం దాకా చూద్దాం అనడానికి వీల్లేదు.

ఆల్చిప్ప, మస్సెల్: ఇవి నీటిని వడకట్టి తింటాయి కాబట్టి నీటిలోని సూక్ష్మజీవులు, భారలోహాలు వీటి ఒంట్లో చేరతాయి. నోరు తెరుచుకుని, తట్టినా మూసుకోని చిప్పను తినకూడదు. బతికున్నవి మిగిలితే ఉడికించి మాంసం తీయాలి. చనిపోయినవాటి మాంసం తీసివేసి, చిప్పను మాత్రమే వాడుకోవాలి.

ఇక రొయ్య దగ్గరికి వస్తే, తెలుగువాళ్లకు దీని మీద పాఠం చెప్పాల్సిన పనిలేదు. రొయ్యపొట్టు మన వంటింట్లో ఎన్నాళ్లుగానో ఉంది. వేలెడు కూడా లేని, బజారులో పచ్చిగా ఎవరూ పెద్దగా కొనని పొట్టి రొయ్యల్ని ఎండబెట్టి, చింతచిగురులోనో గోంగూరలోనో వేసి వండుతాం. తమిళ తీరంలోనూ ఎండు పొట్టి రొయ్యలు అంతే మామూలు. రొయ్యల పొడి, రొయ్యల పచ్చడి అన్నీ అమ్ముడుపోని సరుకు గురించి ఇంటి ఆడవాళ్లు కనిపెట్టిన జవాబులే. వాటికి మనం ప్రాసెసింగ్ అనే పేరు పెట్టలేదు కాబట్టి జవాబు పత్రంలో రాయడం లేదు.

లోపం వంటలో లేదు. శుభ్రమైన నీళ్లు, ఐసు, ఉడికించే పాత్ర, ఇసుక అంటకుండా ఎత్తులో ఆరబెట్టే తట్టలు, వానాకాలానికి ఒక చిన్న డ్రయ్యర్, పొట్లం కట్టే మిషను, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్: లోపం వీటిలో ఉంది. ఒక్కో ఆమె విడిగా కొనగలిగేవి కావివి. మార్కెట్ ఆవరణలో ఉమ్మడిగా ఉంటే పది మంది బుట్టల అడుగున మిగిలిన సరుకు కలిసి ఒక బ్యాచ్ అవుతుంది.

చవకగా దొరుకుతుంది కదా అని దీన్ని నేరుగా అంగన్‌వాడీ పిల్లలకు పెడదాం అని రాసే తొందర కూడా వద్దు. రొయ్య, పీత చాలామందికి పడనివి. అలర్జీ కారకాల్లో ఇవి ముందు వరుసలో ఉంటాయి. ఇష్టపడి కొనుక్కునే పెద్దల మార్కెట్‌తో మొదలుపెట్టడమే సరైనది. అధికరణ 47 పోషకాహార స్థాయి పెంచమంటుంది. అది పరిశీలన లేకుండా పంచిపెట్టమనడం కాదు.

రెండో మెట్టు: కోడి, చేప, పంది

రొయ్యను వలిచాక తల, తొక్క మిగులుతాయి. మొత్తం బరువులో ఇవి 40 నుంచి 50 శాతం దాకా ఉంటాయి. దాణా కథ ఇక్కడ మొదలవ్వాలి, అంతకు ముందు కాదు.

ఎండిన రొయ్య, పీత పెంకుల్లో సుమారు 20–40 శాతం ప్రోటీన్, 20–50 శాతం కాల్షియం కార్బోనేట్, 15–40 శాతం కైటిన్ ఉంటాయి. రొయ్య ఉడికితే ఎర్రబడేది అస్టాజాంథిన్ అనే రంగు వల్ల. కోడి దాణాలో ఇది చేరితే గుడ్డు పచ్చసొనకు మంచి రంగు వస్తుంది. చూడ్డానికి అన్నీ లాభాలే. కానీ బీటెక్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాడిగా ఇక్కడ మూడు చిక్కులు మీ ముందు పెడతాను.

మొదటిది కొలతలో ఉంది. దాణాలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. అందులోని నైట్రోజన్‌ను కొలిచి 6.25తో గుణిస్తారు. కైటిన్‌లోనూ నైట్రోజన్ ఉంది, దాదాపు 6.9 శాతం. అంటే ఒక్క గ్రాము ప్రోటీన్ లేని శుద్ధమైన కైటిన్‌ను ల్యాబ్‌కు పంపినా 43 శాతం ప్రోటీన్ అని రిపోర్టు వస్తుంది! కోడి దాన్ని అంతగా అరిగించుకోలేదు. అందుకే రొయ్య పెంకుల పొడి సంచి మీద ముద్రించిన ప్రోటీన్ అంకెను చూసి మురిసిపోకూడదు, రైతును మురిపించకూడదు. దాణాలో దీన్ని కొద్ది పాళ్లలోనే కలపాలి. సోయాకు, చేపపొడికి ఇది తోడు అవుతుంది, బదులు కాదు.

రెండోది శక్తి లెక్క. తాజా తల, తొక్కల్లో నాలుగింట మూడు వంతులు నీరే అనుకోండి. 100 కిలోల సరుకు ఎండాలంటే 75 కిలోల నీరు ఆవిరవ్వాలి. కిలో నీటికి సుమారు 2.26 మెగాజౌళ్లు, అంటే 170 మెగాజౌళ్లు. నీటిని వేడి చేయడానికి పట్టేది కూడా కలిపితే 190 దాటుతుంది. డ్రయ్యర్ సామర్థ్యం సగమే అనుకుంటే, 14.2 కిలోల గ్యాస్ సిలిండర్లో సగానికి పైగా ఖర్చయి చేతికి వచ్చేది 25 కిలోల పొడి. ఎండ ఉన్న నెలల్లో ఇది ఉచితం. నవంబరు వానలో మాత్రం నష్టం.

దీనికి జవాబు సైలేజ్, అంటే ఊరబెట్టడం. మెత్తగా తరిగిన తలలు, తొక్కల్లో ఫార్మిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ను 4 కంటే తక్కువకు తెస్తే కుళ్లబెట్టే బ్యాక్టీరియా పెరగదు. సరుకులోని సొంత ఎంజైములే దాన్ని చిక్కని ద్రవంగా మారుస్తాయి. రోజూ కలియబెడితే చాలు. ప్లాస్టిక్ డ్రమ్ములో వారాల తరబడి నిలవ ఉంటుంది, కుళ్లు వాసన బదులు పులుపు వాసన వస్తుంది. చేపకు సరిపోయే ఆమ్లం రొయ్యకు సరిపోదు. పెంకులోని కాల్షియం కార్బోనేట్ ఆమ్లాన్ని తినేస్తుంది కాబట్టి ఎక్కువ పట్టాలి, పీహెచ్ చూసుకుంటూ పోయాలి. ఆమ్లం చేతులను కాలుస్తుంది, గ్లౌజులు తప్పనిసరి. ఆమ్లం వద్దనుకుంటే బెల్లం మడ్డి, లాక్టిక్ బ్యాక్టీరియాతో పులియబెట్టే పద్ధతి ఉంది. పెరుగు తోడుపెట్టడం వెనుక ఉన్న సూత్రమే. తయారైన ద్రవాన్ని తవుడులో కలిపి మేతగా వాడవచ్చు.

మూడోది రోగం. 1990ల మధ్యలో మన తీరాల్లో రొయ్య చెరువులను ముంచేసిన వైట్ స్పాట్ వైరస్ గుర్తుందా? రోగమున్న రొయ్యను ఇంకో రొయ్య తింటే వైరస్ సోకుతుంది. కాబట్టి పచ్చి రొయ్య వ్యర్థాలు రొయ్య చెరువుకు, పీతల పెంపకానికి వెళ్లకూడదు. రొయ్యది కోడికి, పందికి, చేపకు వెళ్లాలి. ఒక జాతి వ్యర్థం అదే జాతి మేతగా తిరిగి రాకూడదన్నదే నియమం. ఇంకో జాగ్రత్త: ఉప్పు పట్టించిన సరుకు మిగిలితే కోళ్లకు వేయకూడదు. ఎక్కువ ఉప్పును కోడి తట్టుకోలేదు. అందుకే ఏది మనిషికి, ఏది దాణాకు అన్నది ఉప్పు చల్లకముందే తేలిపోవాలి.

ఆల్చిప్ప చిప్పల సంగతి తేలిక. గుడ్డు పెట్టే కోడికి రోజుకు సుమారు 4 గ్రాముల కాల్షియం కావాలి. గుడ్డు పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది, అప్పుడు కోడి మేత తినదు. ముతకగా దంచిన చిప్ప ముక్కలు దాని కడుపులో నెమ్మదిగా కరిగి రాత్రంతా కాల్షియం ఇస్తాయి. మెత్తటి సున్నపు రాతి పొడి అంతసేపు నిలవదు. ఒకప్పుడు మన తీరంలో ఈ చిప్పల్ని కాల్చి గుల్లసున్నం చేసేవారు. ఇప్పుడు ఉడికించి, ఆరబెట్టి, దంచి నామక్కల్ కోళ్ల ఫారాలకో, గోదావరి జిల్లాల ఫారాలకో పంపవచ్చు. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు.

కైటోసాన్ ఫ్యాక్టరీ పెడితే పోదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. విలువ ఎక్కువ ఉన్నది అందులోనే కదా అని. నిజమే. కొచ్చిలోని సీఐఎఫ్‌టీ కైటిన్, కైటోసాన్ తయారీ సాంకేతికత మీద ఎన్నో ఏళ్లు పనిచేసింది. గాయాల పట్టీల నుంచి నీటి శుద్ధి దాకా కైటోసాన్‌కు ఉపయోగాలున్నాయి.

కానీ తయారీ చూడండి. ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కాల్షియం తీసేయాలి, తర్వాత కాస్టిక్ సోడాతో ప్రోటీన్ తీసేయాలి, ఆ తర్వాత గాఢమైన వేడి కాస్టిక్‌లో కైటిన్‌ను కైటోసాన్ చేయాలి. ప్రతి దశలోనూ కడగడానికి నీళ్లు, ఆ నీటిని శుద్ధి చేసే ప్లాంటు కావాలి. రోజూ టన్నుల కొద్దీ ఒకే రకం పెంకు వచ్చే కాకినాడ, భీమవరం, విశాఖ చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర ఇది అర్థవంతం. రొయ్య, పీత, చేప కలిసిపోయి, ఈరోజు ఎక్కువ, రేపు తక్కువ వచ్చే పట్నపు మార్కెట్‌కు ఇది సరిపడదు. పైగా ప్రోటీన్ మొత్తం కాలువలోకి పోతుంది. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్న సిలబస్ వరుసకు అసలు జవాబు ఇదే: ముడిసరుకు స్వభావం చూసి సాంకేతికతను ఎంచుకోవాలి.

చిన్న స్థాయిలో సాధ్యమని చూపిన ఉదాహరణ పక్కనే ఉంది. చెన్నైలోని సీబా, అంటే కేంద్ర ఉప్పునీటి జలచర పెంపకం సంస్థ, చేపల వ్యర్థాల నుంచి ప్లాంక్టన్ ప్లస్, హార్టీ ప్లస్ అనే ఉత్పత్తులు రూపొందించింది. ఒకటి చెరువుల్లో ప్లవకాలు పెరగడానికి, ఇంకొకటి మొక్కలకు. మార్కెట్ వ్యర్థానికి మార్కెట్ స్థాయి సాంకేతికత అంటే ఇలా ఉండాలి.

దాణాకు మంచి గిరాకీ వస్తే?

నా వాదనలో అసలు భయం ఇక్కడ ఉంది. దాణా పథకం విఫలమైతే కొంత డబ్బు పోతుంది. అది మరీ బాగా నడిస్తేనే అసలు చిక్కు.

కిలోకు ఇంత అని దాణా మిల్లు నిలకడగా కొనడం మొదలుపెడితే, పడవ వాడికి పిల్ల రొయ్యనూ, పిల్ల చేపనూ సముద్రంలోనే వదిలేయాల్సిన కారణం పోతుంది. వల కన్ను చిన్నదవుతుంది. పశ్చిమ తీరంలో చేపపొడి మిల్లుల చుట్టూ జరుగుతున్న చర్చ ఇదే: పేదవాడు తినే చిన్న చేప మిల్లుకు వెళ్తోంది, రేపు పెద్దదవ్వాల్సిన పిల్ల ఈరోజే పొడవుతోంది. ప్రపంచంలో జలచరాల ఉత్పత్తిలో దాదాపు 89 శాతం నేరుగా మనిషి ఆహారంగా వాడుతున్నారని ఎఫ్‌ఏఓ 2024 నివేదిక చెప్పింది. ఆ వాటా తగ్గించే పథకానికి సుస్థిరం అనే పేరు పెట్టలేం. ఎస్‌డీజీ 12.3 ఆహార నష్టం తగ్గించమంటుంది, ఎస్‌డీజీ 14 సముద్ర జీవాన్ని కాపాడమంటుంది. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని దెబ్బతీయకూడదు.

అందుకే నా షరతులు మూడు. ఒకటి, దాణా యూనిట్ మార్కెట్‌లో వలిచిన తల, తొక్క, చిప్ప మాత్రమే తీసుకోవాలి. రేవులో పడవ నుంచి నేరుగా మొత్తం రొయ్య కొనకూడదు. రెండు, ఆహారానికి పనికొచ్చే రొయ్యకు ఉడికించే కేంద్రం ఇచ్చే ధర ఎప్పుడూ దాణా ధర కంటే ఎక్కువ ఉండాలి. మూడు, ఏ రోజు ఎంత వచ్చిందో రాసిన పుస్తకం అందరికీ కనిపించాలి. పిల్ల రొయ్యల వాటా పెరిగితే అది ముందుగా ఆ పుస్తకంలోనే తెలుస్తుంది.

ఎవరి చేతిలో ఉండాలి

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో మత్స్య రంగం రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాల అవతలి వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. మార్కెట్‌లో మిగిలిన బుట్ట ఏ జాబితాలోనూ పేరు పెట్టి లేదు. నీళ్లూ చెత్తా మున్సిపాలిటీవి, సరుకు మత్స్య శాఖ పరిధి, ఆహార భద్రత ఇంకొకరిది, దాణా పశుసంవర్ధక శాఖది. నాలుగు ఆఫీసుల మధ్య రొయ్య చెడిపోతుంది.

కాబట్టి యూనిట్ యాజమాన్యం చేపలమ్మే ఆడవాళ్ల స్వయం సహాయక సంఘాలదే అవ్వాలి. వాళ్లకు మేలు చేద్దామన్న దయతో చెప్పడం లేదు. ధర ఎప్పుడు పడిందో, సరుకు ఎప్పుడు చెడుతుందో రెండు గడియారాలూ చూడగలిగేది వాళ్లొక్కరే. బయటి కాంట్రాక్టరు చెత్త బండితో సాయంత్రం వస్తాడు. అప్పటికి అది చెత్తే అయి ఉంటుంది.

డబ్బుకు దారులు ఉన్నాయి. మత్స్య సంపద యోజన ఉంది. దాని కింద 2024 ఫిబ్రవరిలో ఆమోదించిన 6,000 కోట్ల కిసాన్ సమృద్ధి సహ్ యోజన ఉంది. చిన్న ఆహార యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రుణ అనుసంధాన సబ్సిడీ ఇచ్చే పీఎంఎఫ్‌ఎంఈ ఉంది. కొత్త పథకం అడగడం లేదు. నేను అడుగుతున్నది ఇంతే: మార్కెట్ ఆవరణలో ఐసు, నీళ్లు, ఉడికించే చోటు, పక్కనే తలలు, తొక్కల డ్రమ్ములు, ఆ డ్రమ్ముల్లోని సరుకును పరీక్షించి ఏ పాళ్లలో కలపాలో చెప్పే బాధ్యత కురుంబపేట్ పశువైద్యులకు, పొద్దున్నే బోర్డు మీద రాసే సాయంత్రపు కొనుగోలు ధర. ఆ ఒక్క బోర్డు ఉంటే మధ్యాహ్నం బేరం తీరు మారుతుంది. "సగానికి ఇస్తావా, లేకపోతే పారబోసుకుంటావా" అన్న మాటకు ఆమె దగ్గర మూడో జవాబు ఉంటుంది.

మన తీరమంతటికీ

ఇది పుదుచ్చేరి ఒక్కదాని విషయం కాదని 2025 చూపించింది. 2024–25లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ 62,408 కోట్ల రూపాయలు, అందులో 43,334 కోట్లు ఒక్క శీతలీకరించిన రొయ్యదే. పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి అక్కడ భారత సరుకు మీద సుంకం 50 శాతానికి చేరగానే ఆంధ్ర చెరువు గట్ల మీద రైతులు లెక్కలు మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. లక్షల టన్నులు పండించే దేశంలో రొయ్యను ఇక్కడే, మామూలు మనిషి కొనుక్కునే రూపంలో అమ్మే ఏర్పాటు బలహీనంగా ఉందని అప్పుడు తెలిసింది. చెరువు రైతు సమస్య టన్నుల్లో, బుట్టామె సమస్య కిలోల్లో. రెండింటికీ మూలం ఒకటే: ఒకే రూపం, ఒకే కొనుగోలుదారు, ఒకే గంట. వాటిని రెండు మూడు చేయడమే ప్రాసెసింగ్.

మెయిన్స్‌లో ఈ అంశం వస్తే నష్టం శాతంతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగకండి. నష్టం ఏ గంటలో, ఎవరి చేతిలో జరుగుతోందో రాయండి. ఆహారం, దాణా, రసాయనం అనే వరుసను కారణాలతో చెప్పండి. పిల్ల చేపల ప్రమాదాన్ని ఒక్క వాక్యంలోనైనా పెట్టండి. పథకాల పేర్లు చివర్లో రానివ్వండి, ముందు కాదు.

అభ్యాస ప్రశ్న: "వ్యర్థం నుంచి సంపద పథకాలు ఆహారాన్ని వ్యర్థంగా ముందే ముద్ర వేసే ప్రమాదం ఉంది." తీర ప్రాంత మత్స్య మార్కెట్ల ఉదాహరణతో చర్చించండి (250 పదాలు, 15 మార్కులు).

రాసి కింద పెట్టండి. నా వాదనతో ఏకీభవించకపోయినా ఫర్వాలేదు. ఆ సాయంత్రపు ధర ఎంత ఉండాలో, దాన్ని ఎవరు భరించాలో మీ లెక్క మాత్రం చెప్పండి. మనలో ఎవరో ఒకరు రేపు ఏదో ఒక తీర జిల్లాలో ఆ ఫైలు మీద సంతకం పెట్టాల్సినవాళ్లమే.